గుర్రం వస్తే మేం వచ్చినట్టే

పసుపు దంచడానికి ఐదుగురు ముత్తైదువలు కావాలి. గోపమ్మ చిటికెన వేలితో లెక్క మొదలుపెట్టి చిటికెన వేలి దగ్గరే ఆగిపోయింది. ఆ ఒక్క వేలూ తనే.

లాయం ముందు మంచం మీద కూర్చుని కూతురు పుష్ప పెళ్లి పనులన్నీ ఫోన్లో రాసుకుంటోంది. నర్సింగ్ చదివి నల్లగొండలో ఒక దవాఖానలో పనిచేస్తోంది. హాలియా సంబంధం కుదిరింది. పిల్లవాడు శివకృష్ణ, సాగర్ కాలువ కింద వరి పొలం ఉన్న ఇల్లు. ఫాల్గుణంలో లగ్గం. చిట్యాల దగ్గర హైవే పొడవునా ఫంక్షన్ హాళ్లున్నా పుష్ప ఒక్కటీ వద్దంది.

"పాత పద్ధతిల చేద్దామమ్మా. పచ్చటి పందిరి, ఇంటి ముంగట పసుపు కొట్నం, కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు, కింద కూసోని బంతి భోజనాలు. గుర్రాల నడుమ పెరిగిన. గుర్రాల నడుమనే లగ్గం గావాలె."

"హాల్లయితే అన్నీ వాళ్లే చూస్కుంటరు బిడ్డా."

"గదే వద్దంటున్న. అన్నీ వాళ్లే చేస్తే మనమేం జేస్తం? కుర్చీలల్ల కూసోని చూస్తమా?"

తండ్రి పర్వతాలు అప్పుడే గుర్రానికి నీళ్లు పట్టి వచ్చాడు. "బిడ్డ చెప్పింది మంచిగనే ఉన్నది. బయటోళ్ల పెండ్లిళ్లు వేయి జూసిన. మన పెండ్లి మన జాగల్నే కానీ" అన్నాడు. చూశానన్నాడు కానీ ఆయన చూసింది గేటు దాకే. చిట్యాల నుంచి హైదరాబాదు దాకా ఏ హాలుకు ఏ వైపు గేటుందో, ఎక్కడ గుర్రం కాలు జారుతుందో చెప్పగలడు. లోపల మండపం ఎట్లా ఉంటుందో చెప్పలేడు.

గోపమ్మ ఇంకో లెక్కలో పడింది. హాలులో పెళ్లయితే ఎవరొచ్చారో, ఎవరు రాలేదో పెద్దగా తెలియదు. కుర్చీలకు గుడ్డలు చుట్టి ఉంటాయి, లైట్లుంటాయి, నిండుగా కనిపిస్తుంది. పాత పద్ధతి పెళ్లికి లైట్లతో పనిలేదు. మనుషులతో పని. పందిరికి కొమ్మ కొట్టేవాళ్లు, రోకలి పట్టేవాళ్లు, పాట ఎత్తుకునేవాళ్లు, బంతిలో వడ్డించేవాళ్లు. ప్రతి పనికీ ఒక చుట్టరికం ఉంటుంది. ఆ చుట్టం రాకపోతే ఆ పని అక్కడే ఖాళీగా నిలబడి అందరికీ కనిపిస్తుంది.

పైగా మాటిచ్చింది. సంబంధం ఖాయమైన రోజు వియ్యపురాలు "మా దిక్కు రెండు బస్సులొస్తయి. మీ దిక్కు ఎంతమందుంటరు వదినా?" అని అడిగితే, గోపమ్మ రెప్ప వేయకుండా "రెండొందలు" అంది.

*

వాళ్ల జాగా చిట్యాల దాటాక హైవే నుంచి లోపలికి కిలోమీటరు. ఐదెకరాల మెట్ట చెల్క, ఒక బోరు, రేకుల లాయం, ఏడు గుర్రాలు. పర్వతాలు తండ్రి గొర్రెలు కాసినవాడు. ఎండాకాలం మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయేటప్పుడు గిన్నెలూ గొంగళ్లూ మోయడానికి ఒక పొట్టి గుర్రం ఉండేది. ఒకసారి చిట్యాల సేటు ఇంట్లో పెళ్లికి ఆ గుర్రాన్ని అడిగారు. జీను కట్టి, పూలు చుట్టి, పెళ్లికొడుకును ఎక్కించారు. పదేళ్లు మంద వెంట తిరిగిన గుర్రానికి దక్కని మర్యాద ఆ ఒక్క పూటలో దక్కింది. పర్వతాలు అది చూశాడు. తండ్రి పోయాక మంద అమ్మి తెల్ల గుర్రాలు కొన్నాడు.

గోపమ్మ ఈ ఇంటికి వచ్చేనాటికి రెండు గుర్రాలు. తెలంగాణ వచ్చాక హైవే పక్కన చేలు పోయి హాళ్లు లేచాయి. ముందు తరాల్లో గుర్రం మొహం చూడని ఇళ్లలో కూడా బరాత్ కావాలన్నారు. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఏడయ్యాయి.

ఈ పనిలో ఒక చిక్కుంది. బయటివాళ్లకు తట్టదు. ముహూర్తం అందరికీ ఒకటే రోజు వస్తుంది. ఊళ్లో వాళ్ల పెళ్లయినా, తోడబుట్టినవాళ్ల బిడ్డ పెళ్లయినా, ముక్కూమొహం తెలియనివాళ్ల పెళ్లయినా, పంచాంగంలో ఆ రోజే. ఆ రోజు పర్వతాలు ఇంట్లో ఉండడు. ఆయన దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఎల్లస్వామీ ఉండడు. గుర్రాలు డీసీఎం వ్యాను ఎక్కి ఎటో పోతాయి.

మరి గోపమ్మ? ఆమె పోవచ్చు కదా అని చాలామంది అడిగారు. చాందిని వల్ల పోలేకపోయింది. చాందిని వాళ్లు మొదట కొన్న తెల్ల గుర్రం. కాలు దెబ్బతిని కిరాయికి పనికిరాకుండా పోయి పన్నెండేళ్లు. గుర్రం మంద ప్రాణి, ఒంటరిగా ఉండదు. తోటివి బండెక్కి పోయాయంటే సకిలిస్తుంది, తలుపు తంతుంది, నోట్లో గడ్డి పెట్టదు. ఒకసారి ఒంటరిగా వదిలి సంతకు పోయి వచ్చేసరికి రేకు గోడకు కొట్టుకుని రొమ్మంతా చీరుకుంది. అప్పటి నుంచి ముహూర్తం ఉన్న ప్రతిరోజూ గోపమ్మ పీట వేసుకుని దాని ఎదురుగా కూర్చుంటుంది. ఉలవలు చెరుగుతుంది, బియ్యంలో రాళ్లు ఏరుతుంది. మనిషి కనిపిస్తే చాలు, చాందిని ఊరుకుంటుంది. చెల్లెలి బిడ్డ పెళ్లి రోజు కూడా ఆమె అక్కడే ఉంది. అన్న కొడుకు పెళ్లి రోజూ అక్కడే.

చుట్టాల పెళ్లికి పోలేకపోతే పోలేదని ఊరుకోలేదు. ఒక గుర్రాన్ని పంపేవాళ్లు. కిరాయి ఉన్నా వదులుకుని, నున్నగా తోమి, మెడకు దండ వేసి పంపేవాళ్లు. గుర్రంతో పాటు ఒక మాట కూడా పంపేది గోపమ్మ. "గుర్రం వస్తే మేం వచ్చినట్టే అనుకోమను."

ఇన్నేళ్లలో ఆ మాట ఎందరి గుమ్మాలకు పోయిందో ఆమె లెక్కపెట్టలేదు. ఎప్పుడూ ఎవరూ కాదనలేదు కూడా.

*

మాఘం చివర కుంకుమ భరిణ సంచిలో పెట్టుకుని పిలుపులకు బయలుదేరింది. పెళ్లికి కార్డు పంపితే సరిపోతుంది. కొట్నానికి సరిపోదు. బొట్టు పెట్టి పిలవాలి.

ముందు అన్న ఐలేశం ఇంటికి పోయింది. వదిన అమృతమ్మ గడపలోనే ఎదురొచ్చింది.

"ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా వదినా! పుష్ప లగ్గమంటే మా ఇంట్ల లగ్గమే గదా. రాకుంటే ఎట్ల?"

"పసుపు దంచుడుకే రావాలె వదినా. రోకలి నువ్వే మొదలు పట్టాలె."

"పడత. ఎందుకు పట్ట?" అంది అమృతమ్మ బొట్టు పెట్టించుకుంటూ. "మా పిలగాని పెండ్లికి మీ గుర్రం ఎంత మంచిగ ఆడిందో ఇప్పటికీ చెప్పుకుంటరు. బ్యాండోళ్లు అలసిపోయిన్రు గని అది అలసిపోలె."

తర్వాత పర్వతాలు చిన్నాయన కొడుకు అంజన్న ఇల్లు. అక్కడ తోడికోడలు చాయ్ పోసింది. వస్తామంది. ఆ వెంటనే గుర్రాన్ని పొగిడింది. మూడో ఇంట్లో గుర్రం పేరు కూడా గుర్తుంది వాళ్లకు. పోయిన ప్రతి చోటా గుర్రం తనకంటే ముందే వచ్చి కూర్చున్నట్టు అనిపించింది గోపమ్మకు. అయినా అందరూ వస్తామన్నారు. బస్సులో తిరిగొస్తూ ఈసారి వేళ్లు లెక్కపెడితే తనతో కలిపి నాలుగు ముడిచింది.

ఐదో వేలు చెల్లెలు మల్లీశ్వరి. అమ్రాబాద్ దిక్కు అడవి అంచున ఊరు. నల్లగొండలో, దేవరకొండలో, అచ్చంపేటలో బస్సులు మారాలి. బిడ్డ పెళ్లికి అక్క రాలేదని నాలుగేళ్లుగా మాటలు లేవు.

మల్లీశ్వరి తలుపు తీసి, "కూసో" అంది. నీళ్లిచ్చింది. గోపమ్మ భరిణ తీయబోతే, "జరాగు" అని లోపలికి పోయి పెళ్లి ఆల్బం తెచ్చింది. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు వచ్చి గడపలో నిలబడ్డారు. మల్లీశ్వరి అట్టలు తిప్పి ఒక ఫొటో మీద వేలు పెట్టింది. ఫొటోలో పెళ్లికొడుకు, వాడి కింద తెల్ల గుర్రం. వేలు గుర్రం మీద ఉంది.

"గిదో, మా అక్క" అంది పక్కింటివాళ్లతో.

వాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మల్లీశ్వరి ఇంకో అట్ట తిప్పింది.

"ఇగ గిక్కడ జర ఎండకు అలసినట్టున్నది మా అక్క. గిక్కడ చూడు, మా మామ శనగలు పెడుతుండు అక్కకు."

గోపమ్మ కూడా నవ్వింది.

"నవ్వుతవేందే?" అంది మల్లీశ్వరి ఆల్బం మూసి. "అప్పగింతలప్పుడు నా బిడ్డ ఏడ్సుకుంట పెద్దమ్మేదే అని అడిగింది. ఏం జెప్పాలె? బయట కట్టేసి ఉన్నదని జెప్పిన."

గడపలో నవ్వు ఆగిపోయింది. గోపమ్మ చాందిని సంగతి చెబుదామనుకుంది. ఒంటరిగా ఉంటే రొమ్ము చీరుకుంటుందని, అందుకే కదలలేకపోయానని. కానీ చెల్లెలి బిడ్డ పక్కన ఒక ముసలి గుర్రాన్ని పెట్టి తూచినట్టవుతుందని తోచి భరిణ మూత తీసింది.

"బొట్టు పెడత" అంది చివరికి.

"పెట్టు. పెట్టొద్దంటనా?" మల్లీశ్వరి ముఖం ముందుకు చాచింది. వస్తాననలేదు, రాననలేదు.

*

పందిరి పనులు పుష్ప దగ్గరుండి చేయించింది. ఎల్లస్వామి గుట్ట దిక్కు నుంచి నేరేడు కొమ్మలూ మామిడి కొమ్మలూ ట్రాక్టరు మీద తెచ్చాడు. గుర్రాలు తిరిగే ఖాళీ జాగాలో పేడ ఎత్తి, నీళ్లు చల్లి, గుంజలు పాతారు. మొదటిరోజు కట్టిన తోరణాలు తెల్లారేసరికి లేవు. కంచె మీదుగా మెడ చాచి గుర్రాలు రెండు వైపులా నమిలేశాయి. పుష్ప పడీపడీ నవ్వింది. "ఆకులు తినే పందిరి ఏ హాల్ల దొరకదు నాయినా" అని తండ్రితో అంది. రెండోసారి తోరణాలు గుర్రం మెడకు అందని ఎత్తులో కట్టారు.

పెళ్లికి ఐదు రోజుల ముందు కొట్నం. అదీ ముహూర్తం ఉన్న రోజే. బిడ్డ లగ్గం నాటి కిరాయిలన్నీ పర్వతాలు వదులుకున్నాడు కానీ, ఈ రోజుకు ఆరు నెలల కింద మాటిచ్చేశాడు. "పొద్దు గూకకముందే వస్త. ఆడోళ్ల పనే గదా" అని ఎల్లస్వామిని తీసుకుని, ఆరు గుర్రాలతో తెల్లారకముందే పోయాడు. లాయంలో చాందిని సకిలించడం మొదలుపెట్టింది.

పది లోపల రోకలి పడాలని అయ్యగారు చెప్పాడు. ఎల్లస్వామి భార్య బాలనర్సమ్మ వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, రోలు కడిగింది. అది గోపమ్మ తల్లి రోలు. తల్లి పోయినప్పుడు పెద్దబిడ్డకని ఇచ్చారు. గోపమ్మ రోకళ్లకు పసుపు కొమ్ములు కట్టింది. ఐదు రోకళ్లు. రెండు సొంతవి, మూడు అడిగి తెచ్చినవి. గోడకు వరుసగా ఆనించింది.

ఏడున్నరకు హైవే దిక్కు నుంచి ఆటో వచ్చింది. గోపమ్మ కొంగు సర్దుకుని గేటు దాకా నడిచింది. ఆటోలో మనుషులు లేరు. నుదుటికి పసుపు రాసిన పొట్టేలు ఉంది.

"అమృతమ్మ పంపిందమ్మా" అన్నాడు డ్రైవరు, తాడు చేతికిస్తూ. "నడుం నొస్తున్నదంట, రాలేకపోతాందంట. పొట్టేలొస్తే మేం వచ్చినట్టే అనుకోమన్నది."

వాడికేం తెలియదు. చెప్పమన్నది చెప్పి బండి తిప్పుకుని పోయాడు. గోపమ్మ తాడు పట్టుకుని పొట్టేలును తెచ్చి లాయం పక్కన గుంజకు కట్టింది.

ఎనిమిదికి అంజన్న ఇంటి నుంచి బండి మీద రెండు బియ్యం బస్తాలు వచ్చాయి. ఆ తర్వాత ఇత్తడి బిందె, దాని మీద చీర. ఆ తర్వాత ఒక నూనె డబ్బా. తెచ్చినవాళ్లు వేరువేరు. మాట ఒక్కటే. మేం వచ్చినట్టే అనుకోండి.

ఎవరూ తప్పు చేయలేదు. ఎవరూ చిన్నమాట అనలేదు. పంపినవన్నీ మంచివే, చేతికొచ్చినవి కావు, ఏరి పంపినవే. ఇన్నేళ్లు గోపమ్మ ఏం పంపిందో, ఎట్లా పంపిందో, అట్లాగే తిరిగొచ్చింది. తొమ్మిదయ్యేసరికి అరుగు నిండింది. వాకిట్లో గోపమ్మ, బాలనర్సమ్మ, పెళ్లికూతురు. గోడకు ఐదు రోకళ్లు.

"ఫోన్ చేయనా అమ్మా? ఎవరినన్న రమ్మంట" అంది పుష్ప.

"వద్దు." గోపమ్మ బాలనర్సమ్మ దిక్కు తిరిగింది. "నర్సమ్మా, రోకలి పట్టు."

బాలనర్సమ్మ చీపురు పక్కన పెట్టింది. కానీ కదలలేదు.

"పడత అక్కా. పట్టనంటనా? గని ఒక మాట. కుంకుమ పట్టుకొని మూడు జిల్లాలు తిరిగొచ్చినవు. మా ఇల్లు గీడ్నే, నూరు అడుగుల దూరంల ఉన్నది. గింత దూరం ఎక్కువైందా?"

గోపమ్మకు నిజంగానే తట్టలేదు. పదకొండేళ్లుగా ముహూర్తం రోజుల్లో ఈ జాగాలో తను కాక ఉన్న ఇంకో మనిషి బాలనర్సమ్మ. చాందిని ముందు కూర్చుని తను బియ్యం ఏరుతుంటే, అవతల ఆమె పేడ ఎత్తుతుంది. వేళ్ల లెక్కలో ఆమె రాలేదు.

లోపలికి పోయి భరిణ తెచ్చింది. వాకిట్లో కాదు, నడిచి వాళ్ల ఇంటి గడప దాకా పోయి, వెనకే వచ్చిన బాలనర్సమ్మను లోపల నిలబెట్టి బొట్టు పెట్టింది. "రా చెల్లె, మా బిడ్డ కొట్నానికి" అంది.

"గిప్పుడస్త" అంది బాలనర్సమ్మ, నవ్వు ఆపుకుంటూ. చీర మార్చుకుని వచ్చింది.

ఇద్దరు. సరి సంఖ్య. ఇద్దరితో రోకలి వేయకూడదు. తొమ్మిదీ నలభై అయింది. పుష్ప మొహం పక్కకు తిప్పుకుని ఫోన్ చూస్తోంది. అప్పుడు గేటు దగ్గర చప్పుడైంది.

మల్లీశ్వరి. హైవే మీద బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది, కాళ్ల నిండా ఎర్రమట్టి. వస్తూనే అరుగు మీది బస్తాలు, బిందె, కట్టేసిన పొట్టేలు చూసింది. ఒక చూపులో సంగతంతా అర్థమైపోయింది.

"నిన్ననే బయలెల్లినవా?" అంది గోపమ్మ.

"రాత్రి నల్లగొండల బిడ్డింట్ల పండుకున్న. అమ్మ రోలు నీకాడున్నది. దానికోసం వచ్చిన, నీకోసం గాదు." చెంబులో నీళ్లు కాళ్ల మీద పోసుకుని రోకలి అందుకుంది. "ఏం జూస్తున్నరు? పొద్దెక్కుతాంది."

"ఐదుగురుండాలె గదే."

"ముగ్గురు గూడ బేసే. దంచు."

దంచారు. పాట ఎత్తుకునేవాళ్లు లేరు. పుష్ప ఫోన్లో ఏదో పెళ్లిపాట పెట్టబోతే మల్లీశ్వరి "బంజెయ్యి దాన్ని" అంది. మూడు రోకళ్ల చప్పుడు, మధ్యమధ్య లాయంలోంచి చాందిని సకిలింపు, అంతే. గోడకు ఆనించిన మిగిలిన రెండు రోకళ్లూ ఎవరూ ముట్టలేదు. పసుపు నలిగింది. మల్లీశ్వరి చేయి ముంచి పుష్ప రెండు చెంపలకూ రాసింది.

అన్నం పెడతానంటే వద్దంది. పన్నెండు గంటల బస్సుందంది.

"లగ్గానికి రావా?" అంది గోపమ్మ గేటు దాకా వెంట నడిచి.

"నా బిడ్డ లగ్గానికి నువ్వు వచ్చినవా? ఇయ్యాల పసుపుకు వచ్చిన. గంతే." నాలుగడుగులు వేసి ఆగింది. "వైశాఖంల మా చిన్నోని లగ్గం."

"పిలుస్తవా?"

"పిలిస్తే ఎవరొస్తరు? గుర్రమొస్తది."

*

పెళ్లి బాగానే జరిగింది. పత్రికలో వార్త రాస్తే అట్లాగే రాయాలి. అయ్యగారు సమయానికి వచ్చాడు, జీలకర్ర బెల్లం సమయానికి పడింది, వంటలు బాగున్నాయి. హాలియా నుంచి రెండు బస్సులొచ్చాయి. పర్వతాలుకు ప్రాణస్నేహితులైన బ్యాండువాళ్లు, పూలవాళ్లు, జనరేటరు బండివాళ్లు ఒక్కరూ రాలేదు. వాళ్లందరికీ ఆ రోజు వేరే పెళ్లిళ్లున్నాయి. ఆయన ఏమీ అనుకోలేదు. అనుకునే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు.

ఎదురుకోళ్ల దగ్గరే దాచలేని పని పడింది. ఆ తంతుకు రెండు గుంపులు కావాలి. మగపిల్లవాడి వాళ్లు అటు, ఆడపిల్ల వాళ్లు ఇటు నిలబడి, గులాల్ చల్లుకుని, వరుసైనవాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుని అలాయ్ బలాయ్ ఇచ్చుకోవాలి. అటు నూట ఇరవై మంది. ఇటు పదకొండు మంది: పుష్ప దవాఖాన స్నేహితులు ఇద్దరు, ఎల్లస్వామి కుటుంబం, దారికి అవతలి పొలం వాళ్లు, వీళ్లూ. ఆ పదకొండు మంది వెనక కంచె దగ్గర, దండలు వేసుకుని, ఏడు గుర్రాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఫొటోలు తీసేవాడికి అది చాలా నచ్చింది.

మనుషులు సరిపోక అటువాళ్లు కొందరు గులాల్ చేతుల్లోనే పట్టుకుని నిలబడిపోయారు. వియ్యపురాలు నెమ్మదిగా గోపమ్మ పక్కకు వచ్చింది.

"మీ మంది ఇంకా రాలేదా వదినా?"

"వస్తాండ్రు" అంది గోపమ్మ. "తొవ్వల ఉన్నరు."

వియ్యపురాలు మంచి మనిషి. గేటు దిక్కు ఒకసారి చూసి, మళ్లీ అడగలేదు. బంతిలో ఇటువైపు చాపలు చాలా మిగిలాయి. రెండొందల మందికని వండిన అన్నం సాయంత్రం ట్రాక్టరులో చిట్యాల హాస్టలుకు పంపారు. అప్పగింతలప్పుడు పుష్ప తల్లిని పట్టుకుని, "నేనే హాల్ల చేసుకోవాల్సుండె అమ్మా. నిన్ను అందరి ముంగట నిలబెట్టిన" అని చెవిలో అంది. గోపమ్మ ఆమె నోరు మూసింది.

మర్నాటి విందుకు కోయాల్సిన పొట్టేలు కోయలేదు. తినేవాళ్లు లేరు. ఊరికే గుంజకు కట్టి ఉంటే ఎండలో ఉందని బాలనర్సమ్మ విప్పి, చాందిని కొట్టంలోకి తోలింది.

వారం తర్వాత ఇంకో ముహూర్తం. ఆరు గుర్రాలు డీసీఎం ఎక్కాయి. పర్వతాలు, ఎల్లస్వామి పోయారు. గోపమ్మ పీట పట్టుకుని లాయంలోకి పోయింది. ఏదో తేడాగా ఉంది. కాసేపటికి అర్థమైంది. చాందిని సకిలించలేదు. పొట్టేలు దాని ముందుకాళ్ల దగ్గర పడుకుని నెమరేస్తోంది. చాందిని తల వంచి దాని వీపు మీది ఉన్ని వాసన చూస్తూ, మధ్యమధ్య గడ్డి పోచలు లాక్కుంటోంది. గోపమ్మ బయటకు పోయి గోడ చాటున నిలబడి గంటసేపు చూసింది. చప్పుడు లేదు. లోపలికి పోయి వంట చేసుకుని, తిని, పడుకుని లేచింది. అయినా చప్పుడు లేదు.

గోపమ్మ గొర్రెల ఇంట్లో పుట్టింది, గొర్రెల ఇంటికే కోడలుగా వచ్చింది. పన్నెండేళ్లలో ఒక్క గొర్రెపిల్లను అక్కడ కట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు. ఆ సంగతి ఆమె పర్వతాలుకు చెప్పలేదు.

వైశాఖంలో మల్లీశ్వరి కొడుకు పెళ్లి కార్డు పర్వతాలు ఫోన్‌కు వచ్చింది. ఎవరూ బొట్టు పెట్టలేదు, ఎవరూ పిలవలేదు. కార్డు మాత్రమే.

"ఒక బండి ఖాళీగున్నది. బాద్‌షా గుర్రాన్ని పంపుదామా?" అన్నాడు పర్వతాలు.

"వద్దు. నేను పోత."

"నువ్వా? మరి చాందిని కాడ ఎవరుంటరు?"

"పొట్టేలుంటది" అంది గోపమ్మ.

తెల్లారకముందు బాలనర్సమ్మ చేతికి తాళం ఇచ్చి బయలుదేరింది. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు తీసుకుంటూ, బస్సులు మారి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. మల్లీశ్వరి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. మాఘంలో వచ్చినప్పుడు ఆమెను చూసిన పిల్లలు ఎవరో "గుర్రం పెద్దమ్మొచ్చింది!" అని అరుస్తూ ఆమెను దాటి రోడ్డు మీదికి ఉరికారు. డీసీఎం కోసం అటూ ఇటూ చూసి, ఏదీ కనిపించక వెనక్కి వచ్చారు.

మల్లీశ్వరి చేతిలో పళ్లెంతో లోపలి నుంచి వస్తూ ఆగింది.

"గుర్రం రాలేదా?"

"లేదు. నేనొచ్చిన."

మల్లీశ్వరి ఒక నిమిషం చూసింది. అంతలో లోపలి నుంచి ఎవరో పిలిస్తే పోయింది. గోపమ్మ టెంటు నీడలో నిలబడింది. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఉన్నా గుర్తుపట్టే దారి లేదు. ఈ పిల్లలూ కోడళ్లూ అందరూ తను రాని పెళ్లిళ్ల తర్వాత వచ్చినవాళ్లు. వంటల దిక్కు నడిచింది. అక్కడ ఐదారుగురు ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఒకామె తలెత్తి చూసి, జరిగి జాగా ఇచ్చి, కత్తిపీట ఇటు తోసింది.

"మీరెవరి దిక్కు?"

"పిలగాని పెద్దమ్మను."

"ఎన్నడూ సూడలేదే?" అంది ఆమె.

గోపమ్మ కొంగు నడుముకు చుట్టుకుని కూర్చుని, దగ్గరున్న ఉల్లిగడ్డ తీసుకుని పొట్టు ఒలవడం మొదలుపెట్టింది.